వేటలో ఆడజీవి : మంచె మీద ఒక ప్రశ్న

రెండేండ్ల క్రితం దసరా సెలవులు. వానకాలం మక్క పాలకంకి మీద వున్నది. మా వూరు నర్సంపేట దాటి పాకాల అడవి అంచున. మా వైపు పాలకంకి అంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేని రోజులన్నమాట. చీకటి పడగానే ఇంటికొకరు మంచె ఎక్కాలె. చేను చుట్టూ పాత చీరలు కడతాం, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతాం, డబ్బాలు కొడతాం, పటాకులు కాలుస్తాం. మొదటి వారం అడవిపందులు వీటన్నిటికీ భయపడతాయి. రెండో వారం డబ్బా చప్పుడు వింటూనే కంకులు నములుతాయి.

ఆ రాత్రి మంచె మీద బాపు, పెద్దబాపు, నేను. అర్జీ మీద అర్జీ పెట్టగా అనుమతి వచ్చింది. మరునాడు తుపాకి లైసెన్సు వున్నాయన వస్తాడు. బీడీ ఆర్పి బాపు నన్ను అడిగాడు :

"నువ్వు జంతువుల సదువు సదువుతున్నవ్ గద బిడ్డా. రేపు తుపాకాయన అడుగుతడు. ఏది కొట్టుమని చెప్పాలె? మొగదాన్నా, ఆడదాన్నా?"

నేను నోరు తెరిచేలోగానే పెద్దబాపు అందుకున్నాడు. "ఆడదాన్ని ఎట్ల కొడ్తర్రా? ఎనుక పిల్లలుంటయ్. పాపం తగుల్తది. మొగదాన్నే కొట్టుమను."

అప్పుడు నేను బి.యస్సీ. మొదటి సంవత్సరం. కప్ప గుండెలో గదులెన్నో వచ్చు, వానపాము ఖండితాలు వచ్చు. బాపు ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. "పెద్దబాపు చెప్పిందే మంచిది" అని తప్పించుకున్న.

మరునాటి రాత్రి తుపాకాయన పెద్ద మగపందిని కొట్టాడు. కోరలు వేలెడు పొడుగున్నయి. వూరంతా చూడవచ్చింది. పీడ వదిలిందన్నారు. సరిగ్గా ఎనిమిదో రోజు గుంపు దిగింది. పెద్ద ఆడవి మూడు, వాటి వెనుక పిల్లలు ఎన్నో చీకట్లో లెక్కకు అందలేదు. తెల్లారేసరికి అరెకరం మక్క నేల మీద పరిచినట్టు వున్నది. పెద్దబాపు గట్టు మీద కూచుని ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు గాని, నాకు సిగ్గనిపించింది. చదువుకున్నవాడిని అడిగితే చదువుకున్నవాడు తెలిసిన లెక్క కూడా చెప్పలేదు.

ఆ లెక్క ఇప్పుడు చెబుతాను. పంది గర్భం సుమారు 115 రోజులు. మా వూళ్ళో పందుల పెంపకం వాళ్ళు మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అంటారు, అదీ ఇదీ ఒకటే. ఒక ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. ఆ పిల్లల్లో ఆడవి ఒకటి రెండేండ్లలోనే మళ్ళీ ఈనడానికి సిద్ధం. ఇక పెద్ద మగపంది సంగతి. అది గుంపులో వుండదు, వంటరిగా తిరుగుతుంది. ఎదకు వచ్చిన కాలంలోనే గుంపు దగ్గరికి వస్తుంది. ఒక్క మగది ఎన్ని ఆడవాటికైనా సరిపోతుంది. లెక్కకోసం ఒక అడవిలో పది ఆడవి, పది మగవి వున్నాయనుకుందాం. ఎనిమిది మగవాటిని కొట్టితే, మిగిలిన రెండింటితోనే పది ఆడవీ ఈనుతాయి. ఈతకు అయిదు చొప్పున యాభై పిల్లలు. ఎనిమిది ఆడవాటిని కొట్టితే పది పిల్లలు. తుపాకి అదే, తూటాలు అవే, చచ్చిన జీవాలు అన్నే. కాని ఒక దారిలో మరుసటి యేడు చేను దక్కుతుంది, ఇంకో దారిలో దక్కదు.

ఇదేమీ కొత్త శాస్త్రం కాదు. మా వూరి గొల్లవాళ్ళకు పుట్టుకతో తెలుసు. మందలో మగపిల్లల్ని పండక్కో పెండ్లికో అమ్ముకుంటారు, చూడి మేకను మాత్రం ఎంత ధర చెప్పినా కదిలించరు. 2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఒక యూనిటు అంటే 20 గొర్రెలు, 1 పొట్టేలు. మంద పెరగాలంటే ఆడదాన్ని కాపాడాలె. మంద తగ్గాలంటే? ఆ రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి మన అందరికీ గొంతు పట్టుకుంటుంది.

అయితే "ఆడదాన్నే కొట్టాలె" అని రాసి సంతకం పెట్టడానికి నేను ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. మా ఇంటి చేను ఒక్కటే చూసి అట్లా రాసేవాణ్ణేమో. కాని ఆ సెలవుల తర్వాత కాలేజీకి వచ్చి, ఇదే ప్రశ్న ఇంకెవరైనా అడుక్కున్నారా అని వెతుకుతుంటే ఎక్కడో అమెరికా కొండల్లో నా ప్రశ్న కనబడింది.

ఉత్తర అమెరికాలో రాకీ పర్వతాల నుంచి అలాస్కా దాకా తెల్లని దట్టమైన బొచ్చుతో ఒక కొండమేక వుంటుంది. పేరుకే మేక, నిజానికి మన మేకల జాతి కాదు. నిట్టనిలువు బండల మీద, మనిషి పాకడానికి కూడా జంకే చోట అది పిల్లతో నడుస్తుంది. దాని బతుకు అడవిపంది బతుక్కు పూర్తిగా తిరగేసి రాసినట్టుంటుంది. ఆడది మొదటిసారి ఈనేసరికి నాలుగైదేండ్లు నిండుతాయి. ఈనితే సాధారణంగా ఒక్కటే పిల్ల. ప్రతి యేడూ ఈనుతుందన్న హామీ లేదు. పుట్టిన పిల్లల్లో చాలావాటిని చలికాలం, మంచుచరియలు, తోడేళ్ళు, గద్దలు తీసుకుపోతాయి. అంటే ఒక ఆడమేక జీవితమంతా కష్టపడి నాలుగైదు పిల్లల్ని పెద్దచేస్తే గొప్ప. అటువంటి గుంపులో యేడాదికి ఒకటి రెండు ఆడవి పోయినా గుంపు కరిగిపోవడం మొదలవుతుంది.

కష్టమేమిటంటే, వాటిలో ఆడదానికీ మగదానికీ కొమ్ములుంటాయి. రెండూ నల్లనివే, రెండూ జానెడే. మగదానివి మొదట్లో లావుగా వుండి ఒకే తీరున వంగుతాయి. ఆడదానివి సన్నగా వుండి కొన దగ్గర మాత్రం వెనక్కి తిరుగుతాయి. ఈ తేడా కొండ కింద నుంచి దుర్భిణి పెట్టి చూడాలె! వేటగాళ్ళు తెలియకా, తెలిసీ తొందరపడీ ఆడవాటిని కొట్టారు. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం గుంపులు తగ్గిపోవడం చూసి 1987లో కొండమేక వేటనే ఆపేసింది. తిరిగి 2001లో గాని, అదీ చాలా పరిమితంగా గాని, అనుమతించలేదు. అలాస్కాలో పిల్ల వెంట వున్న ఆడమేకను కొట్టడం నిషేధం. కొన్నిచోట్ల వేటకు అనుమతి కావాలంటే ముందు ఆడ మగ గుర్తుపట్టే పరీక్ష పాసు కావాలె. ప్రాక్టికల్స్‌లో స్లైడు గుర్తుపట్టలేక వంకలు చెప్పే మనబోటివాళ్ళకు అక్కడ తుపాకి దొరకదు.

ఇంతవరకు చదివి, సరే, పందికి ఒక న్యాయం మేకకు ఒక న్యాయం అనుకున్న. కాని అదే కొండమేక కథలో ఇంకో పేజీ వున్నది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ నేషనల్ పార్కు వుంది. ఆ కొండల్లో ఈ మేకలు మొదట్నుంచీ లేవు. 1920 దశకంలో వేటకోసమని ఎక్కడినుంచో తెచ్చి వదిలారు. పార్కు 1938లో ఏర్పడింది. మేకలు పెరిగి అక్కడి అరుదైన కొండ మొక్కల్ని తొక్కి, తిని, ఉప్పుకోసం మనుషుల వెంటపడి, 2010లో ఒక యాత్రికుణ్ణి పొడిచి చంపేదాకా వచ్చాయి. చివరికి 2018 నుంచి 2020 దాకా హెలికాప్టర్లతో పట్టి 325 మేకల్ని వాటి సొంత కొండలైన క్యాస్కేడ్స్‌కు తరలించారు. పట్టడానికి చిక్కని వాటిని కాల్చారు. ఆడ, మగ, పిల్ల అని చూడలేదు. జంతువు అదే. ఒక కొండ మీద ఆడదాన్ని ముట్టుకుంటే తప్పు, ఇంకో కొండ మీద ముట్టుకోకపోతే తప్పు! అంటే పెద్దబాపు చెప్పిన పాపం ఆడతనంలో లేదు. ఆ జీవి ఎక్కడ వున్నది, ఎన్ని వున్నవి, ఎంత తొందరగా మళ్ళీ పుడతాయి అనే దాంట్లో వున్నది.

మన దేశంలో ఆ కొండమేకకు దగ్గరి పోలిక నీలగిరుల్లో, అన్నామలై కొండల్లో, మున్నారు ఎత్తుల్లో వుండే వరయాడు. దొరల కాలంలో తేయాకు తోటల తెల్లవాళ్ళు దాన్ని వేటాడేవారు. వాళ్ళకు కావలసింది ముసలి మగది, వీపు మీద జీను వేసినట్టు తెల్లమచ్చ వున్నది. ఆడవాటిని వదిలేవారు. ఇది చదివి దొరలకు ఎంత దయ అనుకోనక్కరలేదు. గోడకు తగిలించుకోవడానికి మగదాని తలకాయ అందంగా వుంటుంది గనుక వదిలారు. అయినా ఆ వదలడం వల్ల కొంత మేలు జరిగే వుంటుంది. ఆ కొండలే 1975లో ఎరవికులం అభయారణ్యం, 1978లో జాతీయ పార్కు అయినాయి.

పోనీ, మగవాటినే కొట్టితే యే దోషమూ లేదా? అదీ లేదు. కెనడాలోనే రామ్ మౌంటెన్ అనే చోట అడవి పొట్టేళ్ళలో పెద్ద కొమ్ములున్నవాటినే యేటేటా కొట్టుకుంటూ పోతే, ముప్పై యేండ్లలో పుట్టే పొట్టేళ్ళ కొమ్ములే చిన్నవైపోయాయని 2003లో శాస్త్రజ్ఞులు చూపించారు. రైతు మంచి కంకిని విత్తనానికి దాచుకుంటాడు. వీళ్ళు మంచి కంకినే మొదట తెంపారు.

ఇప్పుడు మా అడవికి వస్తాను. చెప్పడానికి కష్టంగా వున్న సంగతి ఇదే.

పాకాల, ఏటూరునాగారం అడవుల్లో కొండగొర్రె అనే చిన్న జీవి వుంటుంది. లోకం మొత్తంలో మన దేశంలోనూ నేపాల్లోనూ తప్ప ఇంకెక్కడా లేదు. మగదానికి నాలుగు కొమ్ములు, రెండు ముందు చిన్నవి, రెండు వెనుక పెద్దవి. ఇట్లా నాలుగు కొమ్ములున్న అడవిజంతువు మరొకటి లేదు. ఆడదానికి కొమ్ములే లేవు. ఇరవై కిలోలకు అటూ యిటూ తూగుతుంది. గుంపు కట్టదు, వంటరిగానో జంటగానో పొదల్లో వుంటుంది. ఎనిమిది నెలలు మోసి ఒకటి, మహా అయితే రెండు పిల్లల్ని కంటుంది. పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. లెక్క ప్రకారం చూస్తే ఇది అమెరికా కొండమేక పక్కన నిలబడే జీవి, అడవిపంది పక్కన కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో వున్నది. దీన్ని చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండా జైలు.

నేను కాలేజీలో చేరక ముందు యేడు, సంక్రాంతి దాటినాక, యాసంగి మక్కచేలకు పందుల కోసం కరెంటు తీగ పెట్టారు. ఎవరి చేనో రాయను. మాది కాదని తప్పించుకోను కూడా, ఎందుకంటే ఆ తీగ కొనడానికి పక్కపక్క చేన్లవాళ్ళు నలుగురు తలా ఇంత వేసుకున్నారు, అందులో మా ఇంటి పైసలున్నయి. పొద్దున పోయి చూస్తే తీగ మీద పంది లేదు. కొమ్ముల్లేని చిన్న జీవి పడివుంది. "జింకపిల్ల పడ్డది" అన్నారెవరో. తిప్పి చూస్తే పిల్ల కాదు. పొదుగు నిండుగా వున్నది. పాలు కారి కడుపు మీది వెంట్రుకలు అంటుకున్నయి. ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన తువ్వాల కప్పాడు. తర్వాత ఏమైందో రాయను.

నేను ఆ రోజూ మరునాడూ వాగు వొడ్డు గడ్డి అంతా వెతికిన. పిల్ల దొరకలేదు. దాచడం దాని తల్లికి బాగా తెలుసు.

ఆ రోజు మా వాళ్ళను ఎవరైనా "ఆడదాన్ని కొడ్తరా?" అని అడిగి వుంటే నలుగురూ చెవులు మూసుకునేవారు. పెద్దబాపు సంగతి చెప్పనే అక్కరలేదు. కాని తీగకు ఆడ, మగ, చూడి, బాలింత యేమీ తెలియదు. పందీ కొండగొర్రె తేడా తెలియదు. పందికని పెట్టిన తీగకు తెల్లారి నీళ్ళు కట్టబోయిన రైతే బలికావడం మనం పేపర్లో చదువుతూనే వున్నాం. ఉచ్చు అయినా అంతే, ఎరలో పెట్టే నాటుబాంబు అయినా అంతే. మంచె మీద కూచుని మేం నీతి మాట్లాడుకున్నం, ఆ నీతి నడవడానికి కావలసిన కన్ను మాత్రం తీగకు లేదు. అందుకే నా అభిప్రాయంలో ఆడదా మగదా అన్న ప్రశ్న రెండోది. చూసి ఎంచుకునే అవకాశం వున్న పద్ధతా కాదా అన్నది మొదటిది. ఎంచుకునే వీలే లేని పద్ధతిలో చంపేవాడు పాపపుణ్యాలు మాట్లాడకూడదు. ఈ మాట మా ఇంటికీ వర్తిస్తుందని తెలిసే రాస్తున్నాను.

తెలుగు చదివే మిత్రుడొకడు దీనికి వాల్మీకిని అడ్డం తెచ్చాడు. క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని కొట్టినందుకే గదా బోయవాణ్ణి శపించిందీ, అందులోంచే గదా రామాయణం పుట్టిందీ అన్నాడు. నిజమే. కాని ఆ కథలో నేలకూలింది మగపక్షి. ఏడ్చింది ఆడపక్షి. భారతంలో పాండురాజు బాణం వేసింది జింకలు జతకూడి వున్న వేళ. శాపం వచ్చింది వేటాడినందుకు కాదు, ఆ వేళ చూడనందుకు. మన పాతకథల్లో కూడా తప్పు ఆడజీవిని కొట్టడంలో లేదు. ఇంకొక జీవి దాని మీద ఆధారపడి వున్న క్షణంలో కొట్టడంలో వున్నది. పెద్దబాపు "ఎనుక పిల్లలుంటయ్" అన్నది ఈ మాటే. ఆయన లెక్క తప్పింది గాని ఆయన మనసు తప్పలేదు.

ఈ రెంటినీ కలిపే దారి ఒకటి జర్మనీలో కనబడింది. అక్కడ కూడా అడవిపందులు మక్కచేలమీద పడతాయి, అక్కడా వేట నడుస్తుంది. కాని పిల్లల్ని సాకుతున్న తల్లిని, ఆ పిల్లలు సొంతంగా బతికేదాకా కొట్టరాదని వాళ్ళ వేట చట్టంలోనే వున్నది. వేటగాళ్ళ పాఠం సులువైనది : ముందు పిల్ల, తర్వాత తల్లి. వినడానికి ఘోరంగా వుంటుంది. పిల్లను కొట్టడం ఏం నీతి అని మా హాస్టల్లో వాదన జరిగింది. ఆలోచిస్తే దాంట్లో కనికరం వున్నది. తల్లి పోతే చారల పిల్లలు రోజుల తరబడి ఆకలితో చస్తాయి, ఆ చావు తుపాకి పట్టినవాడు చూడడు. ఎదిగిన పిల్ల తూటాకు ఒక్కసారిగా పోతుంది, అది చంపినవాడి కండ్ల ముందే పోతుంది.

మన దగ్గర చట్టం కూడా ఇప్పుడు దారి మూసిలేదు. అడవిపంది చట్టంలో రక్షణ వున్న జంతువే. 1972 చట్టంలో మూడో షెడ్యూలులో వుండేది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి వచ్చింది. అయినా పంటకు నష్టం చేస్తుంటే అనుమతితో కొట్టించవచ్చు. 2021లో మన రాష్ట్రంలో ఆ అనుమతి ఇచ్చే అధికారం సర్పంచు దాకా తెచ్చారు. బీహారు, ఉత్తరాఖండ్‌లలోనైతే 2015, 2016లలో కొన్ని జిల్లాలకు పందిని హానికర జంతువని ప్రకటించి, కొంతకాలం అనుమతి అవసరమే లేకుండా చేశారు. నాకది నచ్చలేదు. అనుమతి అంటే ఎవరో ఒకరు చూడటం, రాసుకోవడం. అది తీసేస్తే మళ్ళీ తీగ దగ్గరికే వస్తాం.

నా కోరిక చిన్నది. అనుమతి కాగితం మీద "అడవిపందులు" అని రాసి వదిలేయకుండా, యే వయసువి, ఆడవా మగవా, పిల్లలున్నాయా లేదా అని కూడా రాయాలె. చారల పిల్లలు వెంట వున్నదాన్ని వదలాలె. చారలు పోయి ఎదిగిన పిల్లల్ని ముందు, తర్వాత పెద్ద ఆడవాటిని కొట్టాలె. కోరల మగపంది జోలికి, అది మనిషి మీద పడితే తప్ప, పోవద్దు. ఫొటో దిగడానికి తప్ప దాని చావు రైతుకు పనికిరాదు. మాసం ఆశతో వచ్చేవాడికి ఈ పద్ధతి నచ్చదని నాకు తెలుసు. నచ్చకపోవడమే మంచిది. తీగ పెట్టినవాడికి మాత్రం, అది మా బాపే అయినా, యే మినహాయింపూ వుండకూడదు.

హనుమకొండలో పుట్టి పెరిగిన ఒక క్లాస్‌మేటు అంటాడు, "అడవి మీరే నరికిన్రు, ఇప్పుడు పందులొచ్చినయని ఏడుస్తున్నరు." సగం నిజం. పోడు నిజం, అడవి వెనక్కి పోయింది నిజం. పందిని తినే పులీ రేసుకుక్కా తగ్గిపోయిందీ నిజమే. కాని అతను ఉదయం తినే మక్కగారెలు యే చేన్లోంచి వచ్చినయో కూడా అడగాలె గదా. అడవిని ప్రేమించడం హంటర్ రోడ్డులో జంతు ప్రదర్శనశాల చూసినంత సులువైతే బాగానే వుండేది (జంతువుల్ని కాపాడే చోటికి దారి పేరు హంటర్ రోడ్డు! మన వూరికే చెల్లింది). పంటపోయిన రైతు ఒక్కడే అడవి ఖర్చు అంతా భరిస్తుంటే, రాత్రికి రాత్రి తీగ కట్టడం ఆగదు. అతన్ని జైలుకు పంపినా ఆగదు. అతనికి ఇంకో దారి పనిచేస్తుందని కంటికి కనబడాలె.

అది కనబడాలంటే అంకెలు కావాలె. మా మండలంలో ఎన్ని గుంపులున్నాయి, గుంపుకు ఎన్ని ఆడవి, యే నెలలో చారల పిల్లలు ఎక్కువ కనబడతాయి అని నేను ఎవరినడిగినా "శానా వున్నయ్" అన్న జవాబే వచ్చింది. శానా అంటే ఎంత? ఈ మాట దగ్గరే మన జంతుశాస్త్రం పని మొదలవ్వాలె. గత దసరా సెలవుల్లో నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని పదకొండు రాత్రులు మంచె మీద కూచున్న. మూడు గుంపులు వేరువేరుగా గుర్తుపట్టిన. ఒక గుంపులో చెవి చినిగిన పెద్ద ఆడది వున్నది. ఆ పదకొండు రాత్రుల్లో అది మా చేనుకు నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ చారల పిల్లలు వెంట వున్నయి. కొండగొర్రె ఒక్కటీ కనబడలేదు. వాగు అవతల అది రోజూ ఒకే చోట వేసే పెంటికల కుప్ప మాత్రం చూసిన, తడి ఆరలేదు.

బాపుకు నోటుబుక్కు చూపించిన. చదవడం రాదు గనుక అంకెలు మాత్రం వేలితో తడిమి, "మరి చెవి చినిగినదాన్ని ఎప్పుడు కొట్టాలె?" అన్నాడు. పిల్లల చారలు పోయినాక అన్న. "అప్పటిదాక మక్క వుంటదా?" అన్నాడు. ఆ యేడు వుండలేదు. దాదాపు ముప్పాతిక ఎకరం పోయింది. తీగ మాత్రం నలుగురూ కలిసి తీసేసి మా కొట్టంలో చుట్టపెట్టి వుంచారు. పారేయలేదు.

ఒక్కడి నోటుబుక్కు చాలదు. రాబోయే సెలవుల్లో పాకాల అంచు వూళ్ళలో కనీసం పది మంచెల మీద ఒకే రాత్రులు కూచుని లెక్కపెట్టాలని అనుకుంటున్న. జంతుశాస్త్రం వాళ్ళే కానక్కరలేదు, చీకట్లో నిద్రపోకుండా వుండగలిగినవాళ్ళెవరైనా సరే. రావాలనుకునేవాళ్ళు మూడో సంవత్సరం బి.జడ్.సి. సెక్షన్లో నా పేరు అడగండి. టార్చిలైటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె. అన్నం మా ఇంట్లో.